సైడు కాలువ కోసం అయిదు సోమవారాలు: నా అనుభవం

2025 జులై 3, గురువారం. రాత్రి పదకొండున్నరకి మా బాత్రూం తూములోంచి నీళ్లు కిందికి పోవడం మానేసి పైకి రావడం మొదలుపెట్టాయి. బయట వాన దంచేస్తోంది. వీధి తలుపు తీసి చూస్తే సైడు కాలువ ఎక్కడుందో, రోడ్డెక్కడుందో తెలియడం లేదు. పావుగంటలో హాల్లోకి మడమ మునిగేంత నల్లనీళ్లు వచ్చేశాయి. అత్తయ్య గారి మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. బియ్యం డబ్బా వంటగది గట్టు మీదికి ఎక్కించి, ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో, శనివారం గాని రారు. వాన ఒంటిగంటకే వెలిసింది గానీ ఇంట్లో నీళ్లు మాత్రం తెల్లారి ఎనిమిదింటికి గాని దిగలేదు. ఆ ఏడు గంటలూ అత్తయ్య గారు మంచం మీద, నేను డైనింగ్ టేబుల్ మీద కూర్చున్నాం.

మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే మనుషులందరితో నాకు ఇంకా పనుంది.

మర్నాడు శుక్రవారం. స్కూల్లో (నేనొక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తాను) సగం రోజు సెలవు చెప్పి ఇల్లు కడుగుతుంటే వార్డు ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) వచ్చింది. శుక్రవారం డ్రై డే కదా, కుండీల్లో, కూలర్లో నీళ్లు నిలవ ఉన్నాయేమో చూడాలి. నా చేతిలో చీపురు, గోడ మీద అడుగెత్తున మురికి గీత చూసి పాపం తనే ఇబ్బంది పడింది. "కుండీల కింద పళ్లాలు మాత్రం ఖాళీ చేయండి అక్కా" అని చెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, "ఇది శానిటేషన్ సెక్రటరీకి చెప్పండి, వార్డు సచివాలయానికి మూడు తర్వాత వెళ్లండి, పొద్దున అందరూ ఫీల్డులో ఉంటారు" అంది. ఈ నాలుగు నెలల్లో నాకు అందిన మొదటి పనికొచ్చే సలహా అదే. అంతకుముందు రెండుసార్లు వేరే పనుల మీద పొద్దున పదకొండుకి వెళ్లి ఖాళీ కుర్చీలు చూసి తిరిగొచ్చాను.

మూడున్నరకి వెళ్తే శానిటేషన్ సెక్రటరీ ఉన్నాడు. కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఫోన్లో ఫొటోలు చూసి, మర్నాడు పొద్దున్నే మేస్త్రిని పంపుతానన్నాడు, పంపాడు కూడా. శనివారం ఏడింటికి మేస్త్రి, ఇద్దరు కార్మికులు వచ్చి మా గోడ పక్కన పది మీటర్ల మేర పూడిక తీసి, కాలువలో దోమలు పెరగకుండా రెండు ఆయిల్ బంతులు పడేసి, పైన బ్లీచింగ్ చల్లారు. ఆ చివర కల్వర్టు దగ్గర మేస్త్రి ఆగిపోయాడు. "ఇక్కడి నుంచి మాది కాదమ్మా, ఇంజినీరింగ్ వాళ్లది." ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఎక్కి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

మొదటి సోమవారం జులై 7. మున్సిపల్ ఆఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. కాగితాల మీద పేరు పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక), మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ అందరూ స్పందన అనే అంటారు. ఆటోవాడికి కూడా "స్పందనకి" అంటేనే అర్థమవుతుంది. పదింటికి మొదలన్నారు కదా అని తొమ్మిదిన్నరకే వెళ్లాను. అప్పటికే ఇరవై మంది దాకా ఉన్నారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు, ఇంటి పన్నులో పేరు మార్పు కోసం వచ్చినవాళ్లు, కుళాయి కనెక్షన్ వాళ్లు, కోతుల గురించి ఒకాయన.

నేను ముందురోజు రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసుకెళ్లాను. మంచం కింద ఇటుకల సంగతితో సహా అన్నీ రాశాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఆధార్ నంబరు, ఫోన్ నంబరు తీసుకుంది. నా రెండు పేజీలు పైనుంచి కిందికి ఒకసారి చూసి, టకటకా కొట్టింది. తొంగి చూశాను. "డ్రెయినేజీ సమస్య." అంతే. రెండు పేజీలు రెండు మాటలయ్యాయి. తర్వాత అడిగింది, "డిపార్ట్‌మెంట్ ఏది మేడం?" నాకేం తెలుసు. "కాలువ కదమ్మా, శానిటేషన్ పెట్టు" అన్నాను.

ఇది చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అర్జీ ఏ సెక్షన్‌కి పోతుందన్నది ఆ ఒక్క నొక్కుతో తేలిపోతుంది. కాలువలో పూడిక అయితే శానిటేషన్. కాలువ గోడ, కల్వర్టు, పైన పలక అయితే ఇంజినీరింగ్. కాలువ మీద ఎవరైనా కట్టుకుంటే టౌన్ ప్లానింగ్. మనకి అదంతా ఒకటే కాలువ, వాళ్లకి మూడు ఫైళ్లు. రెండోసారి నుంచి నేను అర్జీ మొదటి లైన్లోనే, వాళ్లు కొట్టాల్సిన వాక్యం ఏదో అదే రాసి, దాని కింద గీత గీసి ఇచ్చాను. ఫలానా వీధి, ఫలానా ఇంటి నంబరు ఎదుట, ఫలానా పని, ఫలానా సెక్షన్. మిగతా కథ ఆ కింద.

కమిషనర్ గారు అర్జీ చూసి మార్జిన్లో పచ్చ ఇంకుతో ఏదో రాసి పక్కకిచ్చారు. నా వంతు నిమిషంన్నరలో అయిపోయింది. బయటికొచ్చేసరికి పన్నెండున్నర, ఫోన్లో అర్జీ నంబరుతో మెసేజ్ వచ్చి ఉంది. నిజం చెప్పాలంటే ఆ మెసేజ్ చూసి ధైర్యం వచ్చింది. మన పేరు ఎక్కడో ఎక్కిందన్న ధైర్యం.

జులై 12న ఇంకో మెసేజ్. మీ అర్జీ పరిష్కరించబడింది.

ఒళ్లు మండిపోయింది. అర్జీల హెల్ప్‌లైన్ 1100కి ఫోన్ చేస్తే నంబరు తీసుకుని అదే మాట చెప్పారు. సోమవారం మూడున్నరకి సచివాలయానికి వెళ్లి, పరిష్కరించారంటూ ఏం రాశారో చూపించమన్నాను. అక్కడి అమ్మాయి తెరిచి చూపించింది. కిందొక ఫొటో. శుభ్రంగా ఉన్న కాలువ, పక్కన గోడ, గోడ మీద ఆరేసిన ఆకుపచ్చ అంచు నేతచీర. అది మా అత్తయ్య గారి చీర. గోడా మాదే. శనివారం తీసిన పది మీటర్లనే ఫొటో తీసి పెట్టారు. అబద్ధం అనడానికి లేదు, అన్నీ నిజాలే. శానిటేషన్ వాళ్లకొచ్చిన అర్జీలో శానిటేషన్ పని అయిపోయింది. నేను ఇంటికొచ్చి అత్తయ్య గారికి చెప్తే ఆవిడ, "నా చీర సర్కారు వారి రికార్డులకెక్కిందన్నమాట" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

జులై 19 మూడో శనివారం. నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది కదా, మా వీధి మొదట్లో బ్యానర్ కట్టారు, చీపుర్లు పట్టుకుని ప్రతిజ్ఞ చేశారు, ఫొటోలు దిగారు. కౌన్సిలర్ కూడా వచ్చాడు. ఫొటోలయ్యే దాకా ఆగి, ఆయన్ని కల్వర్టు దాకా నడిపించుకెళ్లాను. నూట యాభై అడుగులు నడిచేసరికి ఆయన తెల్ల ప్యాంటుకి బురద అంటింది. దాని వల్లే అనుకుంటా, మాట శ్రద్ధగా విన్నాడు. "ఇది ఇంజినీరింగ్ పని చెల్లెమ్మా. సోమవారం మళ్లీ పెట్టు, ఈసారి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పేరు మీద పెట్టు. నేనూ ఫోన్ చేస్తా."

జులై 21, రెండో సోమవారం. ఈసారి నలభై నిమిషాల్లో బయటపడ్డాను. 24న గురువారం పొద్దున ఏఈ గారు, వర్క్ ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని వచ్చారు. వర్క్ ఇన్‌స్పెక్టర్ పొడవాటి వెదురు గడ ఒకటి కాలువలోకి తోశాడు. నాలుగడుగులు వెళ్లి ఆగిపోయింది. అవతలి ఇంటి ముందు కాలువ మీద కట్టిన ర్యాంపు దగ్గర తోశాడు, మూడడుగులకే ఆగింది. అలా ప్రతి ర్యాంపు దగ్గరా గడ పెట్టి చూసుకుంటూ వీధి చివరి దాకా వెళ్లారు. నేను వెనకాలే ఉన్నాను. గుమ్మాల్లోంచి జనం చూస్తున్నారు.

తిరిగొచ్చి ఏఈ గారు చెప్పింది ఇదీ. కల్వర్టు పలక ఒకటి విరిగి వంగింది, దానికి ఎస్టిమేట్ వేస్తారు. కానీ అసలు జబ్బు అది కాదు. అరవై మీటర్ల వీధిలో పదకొండు ర్యాంపులు. వాటి కిందికి పార పోదు, మనిషి దూరడు, అందుకే సంవత్సరాల తరబడి పూడిక అలాగే ఉంది. "ర్యాంపులు తీయకుండా కల్వర్టు ఎంత బాగుచేసినా నీళ్లు అక్కడిదాకా రావు మేడం. అది ప్లానింగ్ వాళ్లు చూడాలి." నేను "అయితే వాళ్లకే రాస్తాను, పదకొండూ తీయించేయమని" అని ఆవేశంగా అన్నాను. ఆయన టేపు చుట్టుకుంటూ మా గేటు వైపు చూశారు. "పదకొండులో మీదీ ఒకటుంది."

నిజమే. రోజూ దాని మీంచే స్కూటీ దింపుతాను. మామయ్య గారు 2011లో పోయించిన ర్యాంపు. కాలువ మొత్తం కప్పేసి, రోడ్డు మీదికి అడుగున్నర వస్తుంది. అంతసేపూ పక్కవాళ్ల ర్యాంపులు లెక్కపెట్టుకుంటూ నడిచిన దాన్ని, దాన్ని ర్యాంపుగా చూడలేదు, మా ఇంటి గుమ్మంగా చూశాను.

తర్వాతి రెండు సోమవారాలు నేను వెళ్లలేదు. జులై 28 పోయింది, ఆగస్టు 4 పోయింది. స్కూల్లో పనుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం ఎదురిల్లు. ఎదురింట్లో రిటైర్డ్ హెడ్‌మాస్టారు, పిన్నిగారు ఉంటారు. మామయ్య గారు పోయినప్పుడు పదకొండు రోజులూ మా ఇంటికి కాఫీలు వాళ్లింటి నుంచే వచ్చాయి. వీధిలో అన్నింటికంటే ఎత్తయిన ర్యాంపు వాళ్లది, అబ్బాయి కారు కొన్నప్పుడు టైల్స్ వేసి మరీ కట్టించుకున్నారు. నేను అర్జీ పెడితే ఆ టైల్స్ పగులుతాయి. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, మెట్టెక్కలేరు.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం పేరంటానికి వాళ్లింటికి వెళ్లాను. పిన్నిగారు కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, సెనగలు, అరటిపళ్లు, తమలపాకులు, రవికెల గుడ్డ చేతిలో పెట్టారు. లేవబోతుంటే నెమ్మదిగా అన్నారు, "మా ర్యాంపు కొట్టించేస్తావటగా అమ్మాయ్."

"నేనింకా ఏమీ రాయలేదు పిన్నిగారూ" అన్నాను. అది నిజమే. రాయాలని రెండు వారాలుగా అనుకుంటున్నానన్నదీ నిజమే. ఆవిడ ఇంకేం అనలేదు. మాస్టారు లోపల పేపరు చదువుకుంటున్నారు, తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఆ సెనగలు తాలింపు వేశాను గానీ నా నోటికి పోలేదు.

మనసు మార్చింది ఎవరి మాటా కాదు, ఆ శనివారం రాత్రి పడిన వాన. హాల్లోకి రాలేదు గానీ బాత్రూం తూము మళ్లీ బుడబుడలాడింది. అత్తయ్య గారు నాకంటే ముందే లేచి తన మంచం కింద ఇటుకలు తనే సర్దుకుంటున్నారు. ఆవిడకి డెబ్భై నాలుగు.

ఆగస్టు 11, మూడో సోమవారం. మొదటి లైను ఇలా రాశాను: మా ఇంటి ర్యాంపుతో సహా మా వీధిలో కాలువపై ఉన్న ర్యాంపులు తొలగించి పూడిక తీయించగలరు. టౌన్ ప్లానింగ్. కంప్యూటర్ అమ్మాయి "మా ఇంటితో సహా" దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. అది కూడా కొట్టమన్నాను.

రెండు రోజుల్లో ప్లానింగ్ సెక్రటరీ నోటీసులు పట్టుకొచ్చింది. వారం గడువు. మొదటి నోటీసు మా ఇంటికే ఇచ్చింది. "మీకు ముందిస్తే మిగతావాళ్లు ఏమీ అనరు మేడం" అని నవ్వింది. తెలివైన పిల్ల. అయినా అన్నారు. వీధిలో రెండు ఇళ్లవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు, ఒకాయన నోటీసు తీసుకోనంటే తలుపుకి అంటించారు. మాస్టారు నోటీసు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మా వైపు చూడలేదు.

ఆగస్టు 17, ఆదివారం. గడువు దాకా ఎందుకని మా ర్యాంపు మేమే కొట్టించాం. మా ఆయన ఊళ్లో ఉన్నారు. తాపీ మేస్త్రి, ఇద్దరు కూలీలు, అద్దెకి తెచ్చిన బ్రేకర్. అత్తయ్య గారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "ఆయన దగ్గరుండి పోయించారు. నీళ్లు తనే పెట్టేవారు రెండు పూటలా" అన్నారు. ఆ మాటకి మా ఆయన కాసేపు బ్రేకర్ ఆపించారు. తర్వాత ఆవిడే "కానివ్వండి" అన్నారు.

మొదటి ముక్క లేచాక లోపలికి చూసిన మేస్త్రి "ఇదేందండీ" అన్నాడు. ర్యాంపు పోసినప్పుడు కింద పెట్టిన సెంట్రింగ్ చెక్కలు అలాగే ఉన్నాయి. వాటికి ఆనించిన సరుగుడు కర్రలు కాలువ మధ్యలో వరసగా, దడి కట్టినట్టు నిలబడి ఉన్నాయి. సిమెంటు ఆరాక ఊడదీయాల్సినవి. ఎవరూ తీయలేదు. పద్నాలుగేళ్లుగా వీధిలో కొట్టుకొచ్చిన ప్రతిదీ ఆ దడికి చుట్టుకుని ఆగింది. క్యారీ బ్యాగులు, పెరుగు డబ్బాలు, కొబ్బరి పీచు, ఒక చెప్పు, ఎవరిదో స్టీలు గ్లాసు. సరుగుడు కర్రలు మాత్రం నీళ్లలో నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఇంకో పద్నాలుగేళ్లు ఉండేలా.

అంటే జులై 3 రాత్రి మా ఇంట్లోకి నీళ్లు తెచ్చింది మా ర్యాంపే.

చుట్టూ ఏడెనిమిది మంది పోగయ్యారు. మాస్టారు కర్ర ఊతంగా రోడ్డు దాటి వచ్చారు. వంగి, చాలాసేపు చూశారు. నా గుండె దడదడలాడుతోంది. ఇప్పుడు ఏమన్నా పడాల్సిందే. ఆయన నిటారుగా నిలబడి, ఎవరితోనూ కాకుండా అన్నారు, "ఇది పోసిన మేస్త్రే మా ర్యాంపూ కట్టాడు."

ఆ ఒక్క మాట వీధంతా తిరిగింది. లెక్క తీస్తే ఆరిళ్ల ర్యాంపులు పోసింది ఆ మేస్త్రే. మర్నాడు మాస్టారే బ్రేకర్ మనిషిని పిలిపించారు. ఆయన ర్యాంపు కిందా సెంట్రింగ్ చెక్కలే. పదకొండులో తొమ్మిదిళ్లు ఒప్పుకుని గడువులోపు తీయించుకున్నాయి. మిగతా రెండిళ్లు వీధి పై చివర ఉన్నాయి, వాటి సంగతి ఇప్పటికీ తేలలేదు.

20 నుంచి 22 వరకు పూడిక తీశారు. మా సందులోకి జేసీబీ రాదు, కాబట్టి మనుషులే. ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. గ్లౌజులిచ్చారు గానీ తడిస్తే పార జారిపోతుందని చాలాసేపు తీసేసే పని చేశారు. మధ్యాహ్నం మజ్జిగ ఇస్తే ఒకామె తాగే ముందు సబ్బు అడిగి మోచేతుల దాకా కడుక్కుంది. "పైన ఇంత అందంగా కట్టుకుంటారు, కింద పార తిరిగే జాగా కూడా ఉంచరమ్మా" అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. మళ్లీ ఏం పెట్టించుకుంటున్నారని అడిగి, తనే చెప్పింది, ఇనుప జాలీ పెట్టించుకోండి, కానీ వెల్డింగ్ చేయించకండి, ఇద్దరు పడితే లేచేలా రెండు ముక్కలుగా పెట్టించండి అని. మేం అలాగే చేయించాం. మాస్టారికి మాత్రం ఒక పక్క చేతికి పట్టుకునే కమ్మీ కూడా పెట్టించారు వాళ్లబ్బాయి.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. తీసిన పూడిక వెంటనే పట్టుకుపోరు. తడిగా ఉంటే ట్రాక్టర్లో నిలవదు, దారంతా కారుతుంది, అందుకని ఆరేదాకా రోడ్డు పక్కనే కుప్పలు పోసి ఉంచుతారు. మా గుమ్మం ముందు నాలుగు రోజులుంది. ఆ వాసన రాయడానికి నాకు మాటలు లేవు. అత్తయ్య గారిని వెనక గదిలో పడుకోబెట్టాను, వంట కిటికీ మూసుకునే చేశాను. మధ్యలో వాన పడి ఉంటే సగం మళ్లీ కాలువలోకే వెళ్లేది, అదృష్టం పడలేదు. 27న వినాయక చవితి. పందిరి వేసే కుర్రాళ్లకి సరిగ్గా ఆ జాగాయే కావాలి. నేను 25న ఫోన్ చేస్తే "పంపుతాం మేడం" అన్నవాళ్లు, 26 పొద్దున ఆ పది మంది కుర్రాళ్లు వెళ్లి అడిగితే మధ్యాహ్నానికల్లా ట్రాక్టర్ పంపారు. కుప్పలు లేచాక రోడ్డు కడిగి, బ్లీచింగ్ చల్లి, అక్కడే పందిరి వేశారు.

ఖర్చు రాస్తాను, అందరూ ముందు అదే అడుగుతున్నారు. ర్యాంపు కొట్టడానికి 2,800. ఆ శిథిలాలు తీసుకెళ్లడానికి ఆటో ట్రాలీకి 900, చెత్తబండి వాళ్లు అది తీసుకోరు. ఇనుప జాలీ రెండు ముక్కలు 7,400. అంచులు కట్టి మెట్టు సరిచేయడానికి 3,200. ఫొటో ప్రింట్లు, జిరాక్సులు, ఆటోలు కలిపి ఒక 600. మొత్తం 14,900 రూపాయలు, నాలుగు సగం రోజుల జీతం. లంచం ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇది రాయకపోతే నమ్మరని రాస్తున్నాను.

సెప్టెంబర్ 8, నాలుగో సోమవారం. ఇది కల్వర్టు కోసం. ఎస్టిమేట్ తయారైంది, కౌన్సిల్లో పెట్టాలన్నారు. నెలాఖరు సమావేశం ఎజెండాలో పెట్టారని కౌన్సిలర్ వాట్సాప్‌లో ఆ పేజీ ఫొటో పంపాడు. ఎన్నో అంశాల మధ్య ఒక లైను. ఆమోదం కూడా అయిపోయింది. చదువుకుని సంబరపడి, రెండోసారి చదివితే వీధి పేరు తప్పు. మా పక్క వీధి పేరు పడింది. ఆ వీధిలో కల్వర్టే లేదు. ఫోన్ చేస్తే ఏఈ గారు నిట్టూర్చి, టెండర్ పిలిచే ముందు సవరణ చేయించాలి, మీరొక అర్జీ ఇస్తే నాకు ఫైలు నడపడం తేలిక అన్నారు.

అక్టోబర్లో ఒకసారి రికార్డింగ్ ఫోన్ వచ్చింది. మీ అర్జీ పరిష్కారంపై సంతృప్తిగా ఉన్నారా, నొక్కండి అని. నాలుగు అర్జీల్లో దేని గురించో చెప్పలేదు. చేతిలో పిండి ఉంది, నొక్కకుండానే కట్ అయిపోయింది.

సవరణ అర్జీ అక్టోబర్ 27, సోమవారం ఇద్దామని రాసిపెట్టుకున్నాను. ఆ రోజు మా ఊళ్లో అర్జీలు తీసుకోలేదు. మొంథా తుఫాను వస్తోందని ఆఫీసంతా ఆ పనిలోనే ఉంది. 28 రాత్రి తీరం దాటింది. కరెంటు సాయంత్రమే పోయింది. మేం ఈసారి ముందే అన్నీ ఎత్తిపెట్టుకున్నాం. ఇటుకలు మళ్లీ మంచం కిందికి వెళ్లాయి. గాలికి పెరట్లో కొబ్బరిచెట్టు వంగి లేస్తుంటే ఆ చప్పుడు ఒక పక్క, నా చెవి మాత్రం బాత్రూం తూము మీదే. టార్చి పట్టుకుని పది నిమిషాలకోసారి వెళ్లి చూస్తున్నాను. నీళ్లు కిందికే పోతున్నాయి.

రెండు గంటలప్పుడు కిటికీలోంచి చూస్తే వీధిలో ఇంకో టార్చి. మాస్టారు. రెయిన్‌కోటు వేసుకుని, ఒక చేత్తో ఆ కమ్మీ పట్టుకుని, మా జాలీ మీద అడ్డంగా పడిన కొబ్బరిమట్టని కర్రతో తోస్తున్నారు. నేను తలుపు తీసి "మాస్టారూ, లోపలికి వెళ్లండి, నేను తీస్తాను" అని అరిచాను. గాలికి వినబడలేదు. వెళ్లి ఇద్దరం కలిసి లాగేశాం. నీళ్లు మా రెండో మెట్టు దాకా వచ్చి అక్కడే ఆగాయి. తెల్లారేసరికి వీధి కనబడింది.

నవంబర్ 3, అయిదో సోమవారం. గేటు తాళం వేస్తుంటే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు, తనూ వస్తానని. ఆటోలో నా అర్జీ అడిగి తీసుకుని చదివారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి "వీధి పేరు సవరించగలరు" దగ్గర ఏదో దిద్దారు. ఆ పైన నేను రాసిన "గౌరవణీయులైన"లో "ణ" కొట్టేసి "న" చేశారు.

"తప్పు పడిందని తప్పుల్తో రాస్తే ఎలాగమ్మా" అన్నారు. ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపులో కొత్త కాగితం కొని, ఆయన చెప్తుంటే మళ్లీ మొదటి నుంచి రాశాను.